మిగిలిపోయిన 20 క్యాప్సూళ్లు: కంపాలా వెళ్లొచ్చిన నా అనుభవం

ఆగస్టు 18న మా ఖమ్మంలో ఒక డాక్టరు గారు నన్ను అడిగారు: "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా అమ్మా?"

"మా అమ్మాయి దగ్గరికి వెళ్లొచ్చానండీ" అన్నాను.

ఆయన తల ఊపి చీటీ మీద ఏదో రాసుకున్నారు. మా అమ్మాయి ఉండేది ఉగాండాలో అని నేను చెప్పలేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అనుకుని ఆయన మళ్లీ అడగలేదు. ఆ ఒక్క మాట నోట్లోంచి రానందుకు రెండు రోజుల పాటు నాకు లేని టైఫాయిడ్‌కు మందు ఎక్కించుకున్నాను. నాకున్నది మలేరియా.

మొదటి నుంచీ చెప్తాను. ఇరవై ఏడేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, తేదీలు, ఖర్చులు నోటు పుస్తకంలో రాసుకోవడం అలవాటు. అందుకే అవన్నీ నా దగ్గర ఉన్నాయి.

2025 ఏప్రిల్ చివర్లో అమ్మాయి ఫోను చేసింది. కానుపు జులై రెండో వారంలో అని అక్కడి డాక్టర్లు చెప్పారట. అల్లుడు ఉగాండా రాజధాని కంపాలాలో ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. "నువ్వూ నాన్నా ఇద్దరూ రండి అమ్మా" అంది. టికెట్లు, వీసా, పచ్చళ్లు, బాలింత మందులు, వీటి గురించే మా ఆలోచన. టీకా లేకుండా వీసాకు దరఖాస్తే పెట్టలేమని అల్లుడు చెప్పేదాకా మాకు తెలియదు. ఉగాండా వీసా ఆన్‌లైన్‌లోనే ఇస్తారు. ఫొటో, పాస్‌పోర్టు కాపీలతో పాటు ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక వైరస్ జ్వరం) టీకా కార్డు కాపీ కూడా పెట్టాలి.

ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మేం ఎంచుకున్నది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. మే 2న ప్రయత్నం మొదలుపెడితే మే 14కు తేదీ దొరికింది. ముందు రోజు బస్సెక్కి మల్కాజిగిరిలో మా చెల్లెలి ఇంట్లో పడుకున్నాం. పొద్దున వెళ్లేసరికి మాలాగే ఆఫ్రికా దేశాలకు వెళ్లేవాళ్లు వరుసలో ఉన్నారు. ఓడలో పనిచేసే కుర్రాళ్లు, గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన, చదువుకోవడానికి వెళ్తున్న ఒక అమ్మాయి. ఇలా ఒక రోజు పెట్టి అందరినీ ఎందుకు పిలుస్తారని పక్కనున్న నర్సమ్మను అడిగాను. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుందట. ఒకసారి కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి, మిగిలితే పారేయాలి. అందుకే గుంపుగా పిలుస్తారన్నమాట.

లోపల అడిగిన ప్రశ్నలు: గుడ్డు తింటే పడని జబ్బు ఉందా, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నారా, వయసెంత. నాకు 57. మా వారికి 64. ఆయన వంతు వచ్చేసరికి డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టి కాస్త నిదానంగా మాట్లాడారు. ఇది బతికి ఉన్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అరవై దాటినవాళ్లు మొదటిసారి వేయించుకుంటే తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం కొద్దిగా ఎక్కువ. చాలా అరుదే కానీ తెలిసి నిర్ణయించుకోవాలి, వెళ్లడం తప్పనిసరా అని అడిగారు. మా వారు నా వైపు చూశారు. "తల్లి వెళ్తే చాలు కదండీ, నేను ఇల్లు చూసుకుంటాను" అన్నారు. బస్సులో వస్తున్నంతసేపూ "నాకు వేయొద్దన్నారు" అని ఫోనులో బంధువులకు చెప్పారు. వద్దనలేదు, ఆలోచించుకోమన్నారు. ఆ తేడా ఆయనకు నచ్చలేదు.

నాకు భుజం దగ్గర చర్మం కింద చిన్న సూది వేశారు. అరగంట కూర్చోమన్నారు. తర్వాత పసుపు రంగు పుస్తకం లాంటి కార్డు ఇచ్చారు. ఇక్కడ ఒక మాట. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. దరఖాస్తులో నేను రాసిన 1 చూడటానికి 7లా ఉంది, అది అలాగే కార్డులోకి ఎక్కింది. తప్పు నాదే. గుమ్మం దాటకముందే మా చెల్లెలు పట్టుకుంది కాబట్టి అక్కడే సరిచేయించుకున్నాను. ఖమ్మం వచ్చాక చూసుకుని ఉంటే మళ్లీ బస్సు, మళ్లీ ఒక రోజు. టీకా రుసుము కంటే మా రానుపోను ఖర్చే ఎక్కువైంది.

వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుబాటులోకి వస్తుంది. అంటే నాకు మే 24 నుంచి. 2016 జులై నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది. పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు, మా ట్రావెల్ ఏజెంటుతో సహా. నాలుగో రోజున ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం వచ్చాయి. ఒక్క రోజులో తగ్గాయి.

వీసా రుసుము 50 డాలర్లు, కార్డు చార్జీలతో కలిపి నాకు 4,400 రూపాయలైంది. ఐదు రోజుల్లో వచ్చింది. విమానం టికెట్ దుబాయి మీదుగా రానుపోను 58,000. ప్రయాణ బీమా 2,900. ఈ బీమా సంగతి తర్వాత చెప్తాను.

జూన్ మొదటి వారంలో ఖమ్మంలో మాకు తెలిసిన ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన టైఫాయిడ్ టీకా వేశారు, 1,900 రూపాయలు. కామెర్ల టీకా గురించి అడిగితే నవ్వారు. "హెపటైటిస్ ఏ మన తరం వాళ్లకు చిన్నప్పుడే వచ్చిపోయి ఉంటుందమ్మా, మన ఊరి నీళ్లే టీకా" అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆపి మలేరియా గురించి చెప్పారు. ఎల్లో ఫీవర్ టీకా కాగితాల కోసం, మలేరియా మందు మీ ప్రాణం కోసం అని ఆయన అన్న మాట నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాసుకోవడం వేరు, నమ్మడం వేరు అని తర్వాత తెలిసింది.

మలేరియా రాకుండా వేసుకునే మందుల్లో మూడు రకాలున్నాయట. వారానికి ఒకసారి వేసుకునేది ఒకటి, అది కొందరికి పీడకలలు, మనసు చెదరడం తెస్తుంది. అటొవాక్వోన్, ప్రొగ్వానిల్ కలిసినది ఇంకొకటి, తిరిగొచ్చాక ఏడు రోజులు వేసుకుంటే చాలు. అది మా ఊళ్లో ఎనిమిది దుకాణాలు తిరిగినా దొరకలేదు. మిగిలింది డాక్సీసైక్లిన్. రోజుకో 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్. ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ వేసుకుని, తిరిగొచ్చాక ఇంకా 28 రోజులు వేసుకోవాలి. నా లెక్క: జూన్ 23 నుంచి ఆగస్టు 27 దాకా, మొత్తం 66. అన్నీ కలిపి 290 రూపాయలు. ఇంత చవక మందు ఏం పనిచేస్తుందిలే అనిపించింది, నిజం చెప్పాలంటే.

డాక్సీసైక్లిన్‌తో మూడు చిన్న సంగతులు ఎవరూ గట్టిగా చెప్పరు, నేను అనుభవించి తెలుసుకున్నాను. మొదటిది, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కనీసం అరగంట నిటారుగా ఉండాలి. రెండో రోజే రెండు గుక్కల నీళ్లతో మింగి పడుకున్నాను. గొంతు కింద ఎక్కడో అతుక్కుపోయింది. పచ్చిమిరపకాయ అడ్డం పడినట్టు రెండు రోజులు మంట. రెండోది, పాలు, కాల్షియం మాత్రలు దీన్ని ఒంటికి పట్టనివ్వవు. నా కాల్షియం మాత్రను రాత్రికి మార్చి ఇది మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టుకున్నాను. మూడోది ఎండ. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ తీవ్రత తెలియదు, కానీ పది రోజుల్లోనే జాకెట్టు చేతుల కింది నుంచి మణికట్టు దాకా ఎర్రగా కమిలి నల్లబడింది. ఈ మందు చర్మానికి ఎండను ఎక్కువ చేసి చూపిస్తుందట. చేతుల్లో ఇప్పటికీ రెండు రంగులున్నాయి.

జూన్ 25న శంషాబాద్ నుంచి బయల్దేరాను. ఎంటెబె విమానాశ్రయంలో పాస్‌పోర్టు కంటే ముందు పసుపు కార్డు అడిగారు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి తేదీ చూసి, వేళ్ల మీద పది రోజులు లెక్కపెట్టి, వెళ్లమంది. దాన్ని చేతిసంచీ అడుగున దాచుకున్నవాళ్లు అక్కడే నేల మీద సంచులు విప్పుకుంటున్నారు. పాస్‌పోర్టుకు రబ్బరు బ్యాండుతో కట్టుకుంటే ఆ బాధ ఉండదు.

అమ్మాయి వాళ్ల ఇల్లు కంపాలాలో న్‌టిండా అనే చోట. ఊరు గుట్టల మీద ఉంటుంది, సాయంత్రాలు చల్లగా మన అరకులా ఉంటుంది. ఇంత చలిలో దోమలేమిటి అనుకున్నాను. మంచాల మీద దోమతెరలు చూసి "ఇంకా పాతకాలమేనా" అని అల్లుడితో అన్నాను కూడా. ఇంట్లో సాయానికి వచ్చే ఆవిడ నన్ను "న్యాబో" అని పిలిచేది, అమ్మగారూ అన్నట్టు. మలేరియాను వాళ్ల లుగాండా భాషలో ఒముసుజ్జా గ్వెన్సిరి అంటారని చెప్పింది. దోమల జ్వరం అని. ఆవిడకు ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే వేళ్లు మడవడం మొదలుపెట్టి మధ్యలో ఆపి నవ్వింది. వాళ్లకు అది మాకు పడిశం లాంటిదని అప్పుడు అనిపించింది. నా తప్పు అక్కడ మొదలైంది. చిన్నప్పటి నుంచి మళ్లీ మళ్లీ వచ్చి వాళ్ల ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది, నాకు అది లేదు.

జులై 8న మనవరాలు పుట్టింది. ఆ తర్వాత పది రోజులు నాకు ఉగాండా కనిపించలేదు, ఉయ్యాల, వేణ్ణీళ్లు, ఉతికిన గుడ్డలే కనిపించాయి.

జులై 20న అల్లుడు నన్ను జింజా తీసుకెళ్లాడు. నైలు నది విక్టోరియా సరస్సు నుంచి బయల్దేరే చోటు అది. 1948లో గాంధీ గారి చితాభస్మంలో కొంత అక్కడ కలిపారు, గట్టున ఆయన విగ్రహం కూడా ఉంది. అంత పెద్ద నది, అందులోనూ గాంధీ గారు కలిసిన నీళ్లు. కొంగు నడుముకు చుట్టి మెట్టు దిగబోయాను.

"అత్తయ్యగారూ, కాళ్లు పెట్టొద్దు" అని అల్లుడు చెయ్యి పట్టి ఆపాడు.

ఆ నీళ్లలో నత్తలుంటాయి, వాటి నుంచి వచ్చే కంటికి కనిపించని పురుగులు చర్మం గుండానే లోపలికి పోతాయి, బిల్హార్జియా అంటారు, నెలల తర్వాత పేగుల బాధలు రావచ్చు అని చెప్పాడు. ఆయన కంపెనీలో ఒకతనికి సరస్సులో ఈత కొట్టి వచ్చిందట. నా జీవితంలో నీళ్లు తల మీద చల్లుకోకుండా దణ్ణం మాత్రం పెట్టి వచ్చిన నది అదొక్కటే. నదిని అంత జాగ్రత్తగా దాటేసి, దారిలో బండి మీద ఐసు వేసిన పండ్లరసం తాగాను. ఆ రాత్రి నుంచి రెండు రోజులు విరేచనాలు. సీసా నీళ్లే తాగుతూ, పచ్చి సలాడ్ ముట్టకుండా పాతిక రోజులు నెగ్గుకొచ్చినదాన్ని, ఐసు కూడా నీళ్లేనని మరచిపోయాను. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంటి నుంచే తీసుకెళ్లాను కాబట్టి సరిపోయింది. మూడో రోజుకు పెరుగన్నంలో పడ్డాను.

జులై 28న బారసాల. ఇరవై ఒకటో రోజు. తెలిసిన తెలుగు కుటుంబాలు, గుజరాతీ ఇరుగుపొరుగు కలిసి నలభై మంది దాకా వచ్చారు. సాయంత్రం పెరట్లో దీపాలు పెట్టి ఉయ్యాల కట్టారు. రోజూ చీకటి పడే వేళకు నిండు చేతుల చొక్కా లాంటిది తొడుక్కుని చేతులకు, పాదాలకు దోమల క్రీము రాసుకునేదాన్ని. ఆ రోజు పట్టుచీర, పొట్టి చేతుల జాకెట్టు. ఒళ్లో పసిపిల్ల ఉంటుంది, క్రీము పిల్లకు అంటుతుందని రాసుకోలేదు. రెండు నెలలు నిండని పిల్లలకు ఆ క్రీములు తగలనివ్వకూడదని అక్కడి నర్సు చెప్పింది, అది నిజమే. కాళ్లకైనా రాసుకుని ఉండొచ్చు. మూడు గంటలు పెరట్లో కూర్చున్నాం. కాళ్ల మీద ఏదో కుట్టినట్టయి చీర అంచుతో రుద్దుకోవడం గుర్తుంది. నా జ్వరం ఆ పెరట్లోనే మొదలైందని నా లెక్క. రుజువు లేదు, తేదీలు మాత్రం సరిపోతున్నాయి.

జులై 30న బయల్దేరి 31 తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాను. ఇక్కడా పసుపు కార్డు చూశారు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి కార్డు లేకుండా వస్తే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. నా వెనకున్న ఒకాయన కార్డు పెట్టెలో ఉందని వాదిస్తున్నాడు, పెట్టె ఇంకా బెల్టు మీదకు రాలేదు.

ఇంటికి రాగానే అందరికీ ఒకటే కథలు. మాత్ర వేసుకుంటున్నాను కానీ ఏదో మొక్కుబడిగా. దోమల దేశం దాటి వచ్చేశాం కదా అనే భావం. ఆగస్టు 8 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఉపవాసం. ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట పుడుతుందని ఆ రోజు ఆపాను. మర్నాడు పేరంటానికి వెళ్లాను, మరచిపోయాను. మూడో రోజు గుర్తొచ్చింది, కానీ రెండు రోజులు మానినా ఏమీ కాలేదు కదా అనుకున్నాను. మిగిలిన మందు పట్టీలు దేవుడి గూటి పక్కన డబ్బాలో పడేశాను. లెక్కపెట్టలేదు. తర్వాత లెక్కపెడితే సరిగ్గా 20.

ఆ 28 రోజులు ఎందుకో తర్వాత ఆసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి చెప్పింది. దోమ కుట్టగానే క్రిములు రక్తంలో ఉండవు, ముందు కాలేయంలోకి వెళ్లి దాక్కుంటాయి. వారమో ఇంకొంచెం ఎక్కువో అక్కడ పెరిగి అప్పుడు రక్తంలోకి వస్తాయి. నేను వేసుకున్న మందు ప్రధానంగా రక్తంలోకి వచ్చినవాటి మీదే, అదీ నెమ్మదిగా పనిచేస్తుంది. బారసాల నాడు కుట్టిందనుకుంటే అవి బయటికి వచ్చేది ఆగస్టు 4, 5 ప్రాంతంలో. నేను ఆగస్టు 7న చివరి మాత్ర వేసుకున్నాను. దొంగ ఇంట్లోకి వచ్చే వేళకు కాపలావాణ్ణి పంపేసినట్టయింది.

ఆగస్టు 16, కృష్ణాష్టమి. సాయంత్రం చలి మొదలైంది. చలి అంటే మామూలు చలి కాదు, పళ్లు కొట్టుకున్నాయి. మా వారు రెండు దుప్పట్లు, మీద ఒక బొంత కప్పి, ఆ పైన చేతులతో అదిమి పట్టుకున్నారు. గంట తర్వాత 103. ఆ తర్వాత చెమటలు, జాకెట్టు పిండితే నీళ్లు కారేలా. పొద్దునకు ఏమీ లేనట్టు లేచి కాఫీ పెట్టుకున్నాను. వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి ఒక సూది వేసి పారాసిటమాల్ ఇచ్చి వెళ్లాడు. 200 రూపాయలు. 17 రాత్రి మళ్లీ అదే వరుస.

18న ఆసుపత్రికి వెళ్లాను, మొదట్లో చెప్పిన ప్రశ్న అక్కడే. ఆగస్టు నెల, ఊరంతా డెంగీ. ప్లేట్‌లెట్లు 90,000. డెంగీ ఎన్‌ఎస్‌1 పరీక్ష నెగెటివ్. వైడల్ పరీక్షలో టైఫాయిడ్ అని వచ్చింది. వైడల్ మలేరియా ఉన్నవాళ్లకు కూడా అలా చూపించవచ్చని ఇప్పుడు తెలుసు. అప్పుడు సెలైన్ పెట్టి రోజుకు రెండు పూటలా ఇంజెక్షన్ చేశారు. పరీక్షలు, మందులు కలిపి ఆ రెండు రోజులకు 6,800.

20న మధ్యాహ్నం వాంతులు. కళ్లు పచ్చబడ్డాయని మా వారు అంటున్నారు. సాయంత్రం అమ్మాయి వీడియో కాల్ చేసింది. నేను ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. అదేమో నేను దానిని మా చెల్లెలి పేరుతో పిలిచానంటుంది. అది ఏడవలేదు, అరిచింది.

"నాన్నా, అమ్మకు మలేరియా పరీక్ష చేయించారా?"

"టైఫాయిడ్ అన్నారమ్మా."

"ఉగాండా నుంచి వచ్చిందని డాక్టరుకు చెప్పారా?"

మా వారు ఫోను పట్టుకుని నన్ను చూశారట. అరగంటలో ఆటోలో ఇంకో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుమ్మంలోనే ఉగాండా, ఉగాండా అని చెప్తూ వచ్చారట, నర్సులు తర్వాత నాకు చెప్పి నవ్వారు. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు మీద వేశారు, గర్భ పరీక్ష కార్డులా ఉంటుంది. పావుగంటలో రెండో గీత వచ్చింది. ఫాల్సిపారం. మలేరియాల్లో ప్రాణం తీసే రకం. ఎర్ర రక్తకణాల్లో 3 శాతం దాకా క్రిములు పట్టాయని గాజు పలక పరీక్షలో తేలింది. ప్లేట్‌లెట్లు 62,000కు పడ్డాయి.

ఆ రాత్రి 10 గంటలకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్. మర్నాడు పొద్దున 10కి రెండోది, రాత్రి 10కి మూడోది. మధ్యలో గంటగంటకూ వేలు గుచ్చి చక్కెర చూశారు. ఈ జబ్బులో చక్కెర అమాంతం పడిపోతుందట. మూడో ఇంజెక్షన్ అయ్యాక జ్వరం దిగింది, దిగితే అలా ఇలా కాదు, ఎవరో స్విచ్ ఆపినట్టు. 22 పొద్దున ఆకలేసింది. ఇడ్లీ అడిగాను. మా వారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

22 నుంచి మాత్రలు, ఆర్టిమీథర్, ల్యూమిఫాంట్రిన్. మూడు రోజుల్లో ఆరు మోతాదులు. ఇది నెయ్యో పాలో తీసుకుని వేసుకోవాలి, కొవ్వు ఉంటేనే ఒంటికి పడుతుంది. రెండు నెలలు పాలతో వద్దన్న మందు, ఇప్పుడు పాలతోనే వేసుకోమన్న మందు. నాలో లెక్కల టీచరు మంచం మీదే నవ్వుకుంది. ప్రైమాక్విన్ అనే మందు ఒంటికి పడుతుందో లేదో చెప్పే జీ6పీడీ పరీక్ష చేసి, బాగుందని చూశాక అది ఒక్క మోతాదు ఇచ్చారు. అది నా కోసం కాదు, నన్ను కుట్టిన మన ఊరి దోమ ఇంకొకరికి అంటించకుండా.

24 ఆదివారం ఇంటికి పంపారు. బిల్లు 41,300. ప్రయాణ బీమా వాళ్లకు ఫోను చేస్తే, మీరు దేశంలో దిగిన రోజుతో పాలసీ ముగిసింది అన్నారు. చదివి చూస్తే అలాగే రాసి ఉంది. జబ్బు అక్కడ తగులుకుంది, పడకేసింది ఇక్కడ. ఇంట్లోని మామూలు ఆరోగ్య బీమాకు సెప్టెంబరు 1న కాగితాలు పెట్టాను. 38 రోజుల తర్వాత, అక్టోబరు 9న 31,400 వచ్చాయి. ఆపేసిన 20 క్యాప్సూళ్ల ఖరీదు తొంభై రూపాయలు కూడా ఉండదు.

నేను అనుకోని సంగతి ఇంకొకటి. 26న మలేరియా విభాగం నుంచి ఇద్దరు, మా వీధి ఆశా కార్యకర్త కలిసి ఇంటికి వచ్చారు. ఫాల్సిపారం కేసు కనిపిస్తే వివరాలు వాళ్లకు వెళ్తాయి. మా వారి రక్తం తీశారు, ఇటూ అటూ ఇళ్లలో జ్వరాలున్నాయా అని అడిగారు, కూలరు నీళ్లు పారబోయించారు, గోడలకు మందు కొట్టారు. నేను ఎక్కడ, ఏ తేదీల్లో ఉన్నానో విడివిడిగా రాసుకున్నారు. వాళ్ల మర్యాదకు నాకు ఫిర్యాదు లేదు. వీధి సంగతి వేరు. సాయంత్రానికల్లా నాకు ఆఫ్రికా జ్వరం అని పేరు వచ్చింది. పాలబ్బాయి గిన్నె గుమ్మం బయట పెట్టమన్నాడు. ఇది దోమ ద్వారానే వస్తుంది నాయనా, పాలగిన్నెతో కాదు అని మా వారు చెప్పి చూశారు. మూడు వారాలు పట్టింది.

27 వినాయక చవితి. నా 66 క్యాప్సూళ్లు పూర్తి కావాల్సిన రోజు కూడా అదే. మా వారే ఉండ్రాళ్లు చేశారు, రాళ్లలాగే వచ్చాయి.

జ్వరం తగ్గాక కూడా పని అయిపోలేదు. ఆర్టిసునేట్ తీసుకున్న కొందరిలో రెండు, మూడు వారాలకు ఎర్ర రక్తకణాలు విరిగిపోయి రక్తం తగ్గుతుందట. అందుకని నాలుగు వారాలు, వారానికోసారి రక్త పరీక్ష. ఆసుపత్రి నుంచి వచ్చేనాటికి హిమోగ్లోబిన్ 9.6. సెప్టెంబరు 4న 8.7కు దిగింది. మెట్లెక్కితే ఆయాసం, బియ్యం ఏరుతుంటే నిద్ర. 11న 9.2, 18న 10.1. జుట్టు అక్టోబరు దాకా రాలింది. ఇవి ఎవరూ ముందు చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. జ్వరం ఐదు రోజులు, నీరసం నలభై రోజులు.

మొదటి డాక్టరు గారి మీద నాకు కోపం లేదు. ఆయన అడిగారు, నేను జవాబు చెప్పాను. కూతురి దగ్గరికి వెళ్లడం నాకు ప్రయాణంగా అనిపించలేదు, అంతే.

అక్టోబరు మూడో వారంలో పన్ను నొప్పి వచ్చి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన చేతికి గ్లౌజులు తొడుక్కుంటూ "చెప్పండమ్మా, ఏమిటి సమస్య" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మా వారు వెనక నుంచి "ఉగాండా వెళ్లొచ్చిందండీ, జులైలో" అన్నారు.